కెప్టెన్ గొంతు

"ఎర్రగడ్డలమ్మా, ఎర్రగడ్డలు! రండక్కా, సంచి తీసుకొని రండి! ఎండిన గడ్డ, గట్టి గడ్డ, ఇంట్లో పెట్టినా కుళ్ళని గడ్డ!"

గాజు అద్దం అవతల నుంచి, రికార్డింగ్ చేసే ముకేశ్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆదికేశవులు హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీది నుంచి జరిపి, భుజం మీది తుండుతో మెడ తుడుచుకున్నాడు. రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ ఏసీ ఆపేయాలి, లేకపోతే దాని రొద కూడా మాటల్లో కలిసిపోతుంది. తిరువళ్ళూరు స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్ల అంగడి పైనున్న ఆ చిన్న గది, గోడలకు అంటించిన స్పాంజితో సహా, పగలంతా ఉడుకుతూనే ఉంటుంది.

రేపటి నుంచి ఈ గొంతు ఒక ఉల్లిపాయల బండి మీద నగరి, పుత్తూరు వీధుల్లో తిరుగుతుంది. వంటింట్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తారు. ఎవరిదీ గొంతు అని ఎవరూ అడగరు. ఆయనకది అలవాటే. ఆదికేశవులు పొట్టి మనిషి. సన్నటి మెడ, ముందుకు పొడుచుకొచ్చిన గొంతుముడి, చొక్కా లోపల ఎముకలు తప్ప ఏమీ లేనట్టుండే ఛాతీ. గొంతు మాత్రం ఏ ఆరడుగుల మనిషికో చేసి, పొరపాటున ఈయనకు ఇచ్చినట్టుంటుంది. ముందు గొంతు విని తరువాత మనిషిని చూసినవాళ్ళ ముఖాలు ఎట్లా మారతాయో ఆయనకు బాగా తెలుసు.

తిరుత్తణి పక్కన నేతగాళ్ళ ఇంట్లో పుట్టాడు. మగ్గాల చప్పుడు మీద మాట వినబడాలంటే కడుపులోంచి మాట్లాడాలి. అట్లా పెరిగిన గొంతును నమ్ముకొని నటుడవుదామని మద్రాసు పోయాడు. ఆ ఎత్తుకు వేషం ఎవరిస్తారు? చీకటి గదుల్లో డబ్బింగు పని దొరికింది. గుంపులో అరుపులు, టెలిఫోనులో అవతలి మాట, తూటా తగిలి పడిపోయే సైనికులు. ఆయన గొంతుతో ఎందరు చచ్చారో ఆయనకే తెలియదు. అట్లా చచ్చి చచ్చి, ఒకరోజు కెప్టెన్ హాల్వర్‌గా బతికాడు.

'ఆకాశ సరిహద్దు' అనే ఇంగ్లీషు సినిమాల వరస అది. వాటిలో హాల్వర్ 'గరుడ' అనే అంతరిక్ష నౌకకు కెప్టెన్. మొదటి సినిమాలో నౌక తగలబడుతుంటే అందరినీ తప్పించుకునే చిన్న పడవల్లోకి ఎక్కించి, మంటల మధ్య నిలబడి అంటాడు: "ముందు నా మనుషులు. ఆఖరున నేను." నగరి బస్టాండులో ఆటోల వెనక ఆ మాట రాయించుకున్నవాళ్ళు ఉన్నారు. దాన్ని చూసినప్పుడల్లా ఆదికేశవులు ఒక నిమిషం ఆగి, ఎవరూ చూడకుండా వెన్ను నిటారుగా చేసుకొని నడిచేవాడు.

ఇప్పుడు ఇన్నేళ్ళకు హాల్వర్‌ను మళ్ళీ తెచ్చారు. కొత్త సినిమా ఇంగ్లీషులో, అరవంలో ఇప్పటికే వచ్చేసింది. తెలుగులో మాత్రం ఇప్పుడు ఫోన్లలో చూసుకోవడానికి చేస్తున్నారు. ఆయన ఫోనులో మనవడు చేర్పించిన అభిమానుల గ్రూపు ఒకటుంది. పొద్దున రైల్లో దాన్ని తెరిస్తే ఒకటే కొట్లాట. కెప్టెన్‌ను పిరికివాణ్ణి చేసి చంపారని కొందరు తిడుతున్నారు. ముసలి హీరోలను పట్టుకొని ఎన్నాళ్ళు వేలాడతారు, కొత్తవాళ్ళకు దారి ఇవ్వరా అని మరికొందరు. మధ్యలో ఒకడు రాశాడు: 'హాల్వర్‌కు తెలుగు చెప్పినాయన కరోనాలో పోయినాడంట.' దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా. ఆదికేశవులు 'నేను ఉండాను' అని కొట్టి, చెరిపేశాడు.

"సార్, కెప్టెన్ సీన్‌కు పోదామా?" అంటూ అభినయ వచ్చి కాగితం చేతికిచ్చింది. డైలాగులు రాసేదీ, దగ్గరుండి చెప్పించేదీ ఆ పిల్లే. ఆయన కాగితం చూసి తలెత్తాడు.

"ఏందమ్మా ఇది? తెలుగు మాటలు అరవ అక్షరాల్లోనా?"

"ఇంట్లో తెలుగే సార్. చదివింది అరవం. తెలుగు రాయను రాదు నాకు."

ఆయనకు రెండూ వచ్చు. కానీ హాల్వర్ మాటలు అట్లా చూస్తే తన చొక్కా ఎవరో తిరగేసి తొడుక్కున్నట్టు అనిపించింది. అభినయ గాజు అవతలికి పోయింది. ఆయన తెర వైపు తిరిగాడు.

గ్రూపులో వాళ్ళు ఎక్కువచేసి రాసుంటారనే అనుకున్నాడు ఇంతసేపూ. తక్కువే రాశారు. తెర మీద హాల్వర్ మాసిన గడ్డంతో, జారిపోతున్న ప్యాంటును ఒక చేత్తో పట్టుకొని పరిగెత్తుతున్నాడు. వెనక నౌక కాలుతోంది. పడవ దగ్గర నిలబడ్డ ఒక కుర్ర సైనికురాలిని పక్కకు తోసి తాను ఎక్కబోయాడు. "నన్ను ముందు పోనీండి!" అని ఏడ్చాడు. కాలు జారి, తలకిందులుగా శూన్యంలోకి పడ్డాడు. ఆ పడడానికి ఒక బూర సంగీతం. పిల్లలు పడీపడీ నవ్వే రకం.

"ఇది నేను చెప్పను," అన్నాడు ఆదికేశవులు.

"నేను చెప్పలా?" అవతల ముకేశ్ మైకు తెరిచి ఉంచే అభినయ మీదికి లేచాడు. "ఎవురు చూసినా ఇదే అంటారని చెప్పినానే! చిన్నప్పటి నుంచి మనం దండం పెట్టినాయన్ను తెచ్చి జోకర్‌ను చేసినారు."

"దండం పెట్టినామని మనిషి కాకుండా పోతాడా?" అభినయ అద్దం వైపు తిరిగింది. "వయసైతే భయం రాదా? సార్, మా తాత మిలిటరీలో చేసినాడు. ఆఖర్లో ఆస్పత్రిలో నర్సు చెయ్యి పట్టుకొని, నన్ను సావనీకు తల్లీ అని ఏడ్చినాడు. అంతమాత్రాన ఆయన ముందు చేసిందంతా అబద్ధమా? కెప్టెన్ కూడా భయపడతాడని చూపించినారే, అదే నాకు నచ్చింది."

ఆదికేశవులుకు కోపం ఇంకా పెరిగింది. హెడ్‌ఫోన్స్ తీసి స్టాండు మీద పెట్టి, గాజు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మీ తాత ఏడ్చినప్పుడు నువ్వు నవ్వినావా?"

అభినయ గాజు మీది నుంచి చూపు తిప్పుకుంది.

"ఏడవనీ. ఎవురొద్దన్నారు? నాకూ భయమే. రాత్రి దగ్గొస్తే లేచి కూర్చుంటా. హాల్వర్ భయపడినాడని కాదమ్మా నా కోపం. ఆయన భయపడతా ఉంటే పక్కన బూర ఊదినారు. ఆ బూర ఊదినోడి మీద నాకు కోపం. ఏం పాపం చేసినాడని? మీరు పిలవకపోతే ఆయన యాడనో నెమ్మదిగా ఉండేవాడు గదా! చుమ్మా, ఊరికే నవ్వుకోను పిలిచినారు."

కింద అంగడిలో ఎవరో రింగ్‌టోన్లు మార్చి మార్చి వినిపిస్తున్నారు.

ముకేశ్ గొంతు తగ్గించాడు. "అన్నా, ఒక మాట. నువ్వు చెప్పకపోయినా ఇది ఆగదు. చెన్నై కంపెనీవాళ్ళు పాత సినిమాల నుంచి నీ గొంతు తీసి కంప్యూటర్ మిషన్‌కు నేర్పించినారంట. అది చెప్తుంది. నువ్వు చెప్తే బాగుంటుందని నేనే పట్టుబట్టి పిలిపించినా."

ఆదికేశవులు తెర మీద ఆగిపోయిన హాల్వర్ ముఖం వైపు తిరిగాడు. మాసిన గడ్డం, తెరిచిన నోరు. మిషన్ చెబుతుందట. తన గొంతుతో, తాను లేకుండా. గ్రూపులో వాళ్ళు తనకు ముందే చేతులు జోడించేశారు. అయినా, ఈ మనిషిని ఎవరికో అప్పజెప్పి ఇంటికి పోవడమా?

"పెట్టు," అన్నాడు, హెడ్‌ఫోన్స్ తలకు తగిలించుకుంటూ. "ఆయన ప్రాణం నా నోట్లోనే పోనీ."

హాల్వర్ పరిగెత్తాడు. ఆదికేశవులు ఊపిరి కూడా పరిగెత్తింది. తెర మీది పెదాలకు ఆయన పెదాలు కలిశాయి. "నన్ను ముందు పోనీండి," అన్నాడు. అరవలేదు. మగ్గాల చప్పుడు మధ్య ఎవరికీ వినబడదని తెలిసి కూడా అడిగినట్టు అడిగాడు. ఆ తరువాత ఒక చిన్న ఊపిరి, అది కాగితంలో లేదు. కెప్టెన్ హాల్వర్ చచ్చిపోయాడు. బూర మోగింది కానీ ఈ గదిలో ఎవరికీ నవ్వు రాలేదు. అభినయ తల వంచుకొని ఏదో సరిచేస్తున్నట్టు చేతి గడియారం తిప్పుకుంది.

ముకేశ్ దాన్ని అప్పటికప్పుడు చెన్నైకి పంపాడు. కాసేపటికి ఫోను మోగింది. స్పీకర్లో ఒక చురుకైన గొంతు: "బాగుంది, బాగుంది. కానీ కామెడీ రాలేదే! ఇంకొక టేక్ చేయించండి. కొంచెం కీచుగా, ముసలోడి మాదిరి."

అభినయ గబుక్కున ఫోను అందుకుంది. "సార్, ఇదే ఉంచుదాం. ఇదే కరెక్టు సార్. ఒకసారి మళ్ళీ వినండి."

"అభినయా, నవ్వాల్సిన సీనది. లేకపోతే మిషన్‌తో చేయిస్తాం, పరవాలేదు."

ఆదికేశవులు బూత్ తలుపు తెరుచుకొని బయటికి వచ్చాడు. తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

"చేయించుకోమను. దానికి సిగ్గుండదు."

"అన్నా, ఉండన్నా, నేను మాట్లాడతా..."

"చాల్లేరా ముకేశూ. ఎర్రగడ్డలకు పిలువు, వస్తా. దీనికి మాత్రం ఇంక పిలవొద్దు."

అభినయ మెట్ల దాకా వచ్చింది. "సార్" అన్నది. ఆయన వెనక్కి చూడకుండా చెయ్యి మాత్రం ఎత్తాడు. దీవించాడో, చాలన్నాడో ఆయనకే తెలియదు.

కింద రోడ్డు మీద అడుగు పెట్టగానే కాలు చుర్రుమంది. వంగి చూసుకున్నాడు. వట్టి పాదాలు. పైన కిటికీ కనిపిస్తూనే ఉంది, నాలుగు అంగలేస్తే మెట్లు. ఛీ, మళ్ళీ ఆ మెట్లెక్కడమా, అనుకున్నాడు. అంగళ్ళ ముందు పరదాల నీడ వెతుక్కుంటూ, నీడ లేనిచోట గంతులేస్తూ, ఆ కోపం చల్లారకముందే స్టేషన్ చేరుకున్నాడు. తిరుత్తణి పోయే లోకల్లో కిటికీ పక్కన కూర్చొని, మండుతున్న పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. ఎదురు సీటులోని ఆవిడ ఆ కాళ్ళు చూసి, ముఖం చూసి, తన సంచి పక్కకు జరుపుకుంది. రైలు కదిలింది.

అక్కడ, అంగడి పైన గది వాకిట్లో, మడమల దగ్గర అరిగి వంకరపోయిన ఆయన తోలు చెప్పులు, మొనలు తలుపు వైపుకు తిరిగి, అట్లాగే ఉన్నాయి.