జీపు ఆగిన ఇల్లు

మిషన్ దవాఖాన జీపుకి రెండు వైపులా తెల్ల పెయింటుతో ‘కుష్ఠు నివారణ పథకం’ అని రాయించారు. ఒక్కో అక్షరం జానెడు ఎత్తు. చదువు రానివాళ్లకి కూడా అర్థమయ్యేట్టు ఉందని డాక్టర్ సుందర్ రావు గారు మురిసిపోయారు. ఊరూరూ తిరిగి మందులిచ్చే మరియమ్మకి దిగులు కూడా అదే. చదువు రానివాళ్లకి కూడా అర్థమైపోయింది.

అది ఎనభై ఒకటో సంవత్సరం. ధర్మసాగర్ దాటాక ఒక చిన్న పల్లెలో ఆ జీపు నెలకోసారి ఒకే ఒక్క ఇంటి ముందు ఆగేది. అది మొగిలమ్మ ఇల్లు. ఆమెకు ఒక బర్రె, పాలు పోయించుకునే పదకొండు ఇళ్లు, వీపు మీద అరచేయంత మొద్దుబారిన మచ్చ ఉన్నాయి. మచ్చ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. రోగుల పేర్లున్న రిజిస్టరును మరియమ్మ బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడివేసుకునేది. అంత భద్రంగా దాచిన పేరును నెలనెలా జీపెక్కించి ఊరేగిస్తున్నామని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

జీపు మొదటిసారి వచ్చి వెళ్లాక రెండిళ్లవాళ్లు పాలు మానేశారు. రెండోసారికి ఇంకో మూడిళ్లు. ఆ తర్వాత రెండు నెలలూ మొగిలమ్మ ఇంటికి తాళమే కనిపించింది. మందు ఆగితే మొద్దుతనం వేళ్ల దాకా పాకుతుంది. ఆ వేళ్లతోనే ఆమె పాలు పిండాలి.

మరియమ్మ డాక్టరుగారి దగ్గరికి వెళ్లింది.

“సార్, జీపు మీది పేరు తుడిపిద్దాం.”

“ఎట్లమ్మా? జీపు కొనిచ్చినోళ్లకు పేరు కనబడే ఫోటో పంపాలె.”

“ఫోటో తీసినంకనే తుడిపిద్దాం సార్.”

ఆయన నవ్వలేదు. “దాచిపెట్టేంత తప్పు మనమేం చేస్తున్నం?”

“మనకేం లేదు సార్. దాచుకునే అవసరం వాళ్లకుంది.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “పేరు తుడిచేది నా చేతుల లేదు. ఇంకేమన్న చెప్పు.”

“అయితే ఊరంతా సర్వే చేస్త సార్.”

ఇంటింటికీ వెళ్లి అందరి ఒంటినీ పరీక్షించాలని పథకంలోనే రాసి ఉంది. దాన్ని అంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరుగారు సరేనన్నారు.

పల్లె పొలిమేరలో డ్రైవర్ యాకయ్య అలవాటుగా మొగిలమ్మ ఇంటివైపు తిప్పబోయాడు.

“ముందు పటేల్ ఇంటికి పోనియ్యి” అంది మరియమ్మ.

యాకయ్య బ్రేకు తొక్కాడు. “నా నౌకరి ఉండాల్నా, పోవాల్నా అక్కా?”

“నీ నౌకరికేం ఫికర్ లేదు. గేటు ముంగటనే ఆపు. అక్షరాలు బజారుకు కనబడాలె.”

పటేల్ భార్య కళావతమ్మ అరుగు మీదికి వచ్చింది. “ఎవ్వరింటికి పోవాల్సినోళ్లు ఎవ్వరింటికచ్చిన్రు?”

“మీ ఇంటికే పటేలమ్మా. పెద్దింటి నుంచి షురూ చేస్తెనే నలుగురు వింటరు.”

ఆ మాటకు ఆమె మెత్తబడింది. ఆ ఇంట్లో తొమ్మిది మంది. అందర్నీ చూసి, రెండుసార్లు చాయ్ తాగేసరికి గంట దాటింది. గంటసేపూ జీపు గేటు ముందే ఉంది. బయటికి వచ్చి చూస్తే బజారులో పదిమంది నిలబడి వానల గురించి మాట్లాడుకుంటున్నారు. అది ఎండాకాలం.

కళావతమ్మ గొంతు తగ్గించింది. “జర ఆ జీపు జరుపున్రి. మంది ఏమనుకుంటరు?”

“ఏమనుకుంటరు పటేలమ్మా?”

కళావతమ్మ జీపును చూసింది, జనాన్ని చూసింది. “అందరి ఇండ్లకాడ ఆపున్రి. ఒక్క ఇల్లు ఇడిసిపెట్టినా నేనూకోను” అంది.

“మీ మాట కాదంటనా?”

అలా జీపు ప్రతి గడప ముందూ ఆగింది. అందరికీ ఒకేరకం కాగితం పొట్లాలు ఇచ్చారు. ఒక్కదాంట్లో తప్ప అన్నిట్లోనూ బలం గోలీలే.

రెండో రోజు మధ్యాహ్నానికి మొగిలమ్మ ఇల్లు వచ్చింది. ఈసారి తాళం లేదు. అన్ని ఇళ్ల ముందూ ఆగుతున్న జీపును చూసి, పారిపోవాలో వద్దో తేలక ఆమె గడపలోనే నిలబడిపోయింది.

“మీ ఇంట్ల ఎందరమ్మా?” అని మరియమ్మ మొదటిసారి చూస్తున్నట్టు గట్టిగా అడిగి, లోపలికి నడిచి తలుపు దగ్గరికి వేసింది.

“కండ్లు మూసుకో. దూది తాకినకాడల్లా చెప్పు.”

మోచేయి. “ఆడ.” అరచేయి. “ఆడ.” చిటికెన వేలు. మొగిలమ్మ ఏమీ అనలేదు. మరియమ్మ మళ్లీ తాకించింది. మూడోసారి తాకించింది.

“ఆడనే. జరంత తెలుస్తాంది.”

మరియమ్మ ఊపిరి వదిలింది. “రెండు నెలలు ఎందుకు మింగలేదు బిడ్డా?”

“గోలీలు మింగితె చేతులుంటయి, పాలు కొనేటోల్లుండరు. మింగకుంటె కొనేటోల్లుంటరు, చేతులుండయి. ఏది జేయాల్నో నువ్వే చెప్పక్కా.”

మరియమ్మ కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. మొగిలమ్మ గోలీ నోట్లో వేసుకుంది, పొట్లాన్ని చేతిలో పట్టుకుని గడప దాటి వచ్చింది. పక్కింటి సమ్మమ్మ చూస్తోంది.

“నాకేం రోగమని ఇత్తాండ్లు ఈ గోలీలు? మింగితె ఆకలైతదంట. ఆకలైతె అన్నం గీళ్లు పెడ్తరా?” అని మొగిలమ్మ వీధి వీధంతా వినబడేలా అరిచింది.

“నాకు సుత ఇచ్చిన్రు వదినా, ఊకో” అంది సమ్మమ్మ.

మొగిలమ్మ ఊరుకోలేదు. మరియమ్మ తల వంచుకుని ఆ తిట్లన్నీ బుద్ధిగా పడి, తర్వాతి ఇంటి తలుపు కొట్టింది.