నాలుగో చెక్క

నేను ఒక తుపాకిని. ఆ మాట అనగానే మీకు మీసాలూ, జీపులూ, పగలూ గుర్తుకొస్తాయని తెలుసు. నాకంత సీను లేదు. నేను పాయింట్ టూటూ రైఫిల్‌ని. మా ఊళ్ళో నన్ను పిట్టల తుపాకి అంటారు గానీ, ఒక్క పిట్టను కొట్టిన పాపం కూడా నాకు లేదు. నా తూటా మీ చిటికెన వేలిలో సగం లావుండదు. పెద్ద తుపాకులకి తూటా అడుగున నడిమధ్యలో దెబ్బ పడితేగాని మందు అంటుకోదు. నాకు అంచు మీద తగిలితే చాలు. అలాంటి మనుషుల్ని కూడా చూశాను. లోపలిదాకా పోనక్కర్లేదు, ఏదో ఒక అంచు తగిలితే చాలు వాళ్ళకి.

నేను పుట్టింది బెంగాల్లో, సర్కారు ఫ్యాక్టరీలో. ఉక్కు గొట్టం, అక్రోటు కర్ర. చివర భుజానికి ఆనించే భాగాన్ని మడమ అంటారు. అన్నీ బిగించాక నన్ను బల్లమీద పడుకోబెట్టి కొలిచి, మొత్తం పొడవు నలభై మూడు అంగుళాలు అని కాయితంలో రాశారు. ఆ అంకె ఒక ఇంట్లో ఇంత పని చేస్తుందని అప్పుడు నాకేం తెలుసు.

మొదట నన్ను కొన్నాయన కందుకూరులో పొగాకు వ్యాపారి. జింక కొమ్ముల కింద గోడకి తగిలించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. పన్నెండేళ్ళలో నన్ను పేల్చింది రెండేసార్లు. రెండుసార్లూ కళ్ళు మూసుకున్నాడు. ఊరు మారుతున్నప్పుడు నన్ను చెంచురామయ్య మాస్టారుకి అమ్మేశాడు.

చెంచురామయ్య కనిగిరి వైపు ఎర్రగుంట్లపాలెం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మనిషి సన్నం, గొంతు లావు. ఒంగోల్లో రైఫిల్ క్లబ్బుకి ఆదివారం ఆదివారం బస్సులో పోయి కాయితపు చక్రాల మీద గురి కొట్టి వచ్చేవాడు. అప్పటికే ఆయన దగ్గర రెండు రైఫిళ్ళున్నాయి. ఒకటి జర్మనీది, బరువుగా, మాటామంతీ లేని దొరసానిలా ఉండేది. ఆయన పతకాలన్నీ దానివే. రెండోది చెక్ దేశపుది, మేనమామ నుంచి వచ్చింది. నున్నటి ఒళ్ళు, అయిదు తూటాలు పట్టే డబ్బా, ఆ డబ్బాకి తగ్గ టెక్కు. అప్పటి చట్టం ప్రకారం మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చు. ఆ మూడోదాన్ని నేను.

నన్ను తెచ్చింది తనకోసం కాదు, కూతురు సుగుణ కోసం. పదేళ్ళ పిల్ల. నాయన గురి చూస్తుంటే పక్కన బోర్లా పడుకుని తనూ ఒక కన్ను మూసుకునేది. తుపాకి మనిషికి సరిపోయిందో లేదో చూడ్డానికి ఒక కొలత ఉంది. మోచేతి మడతలో మడమ ఆనిస్తే చూపుడు వేలు ట్రిగ్గర్‌ని అందుకోవాలి. సుగుణ వేలు నాలుగు వేళ్ళ మందం ఇవతలే ఆగిపోయింది. పిల్ల మొహం చిన్నబోయింది.

వడ్రంగి పేరాచారిని పిలిపించారు. ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని కొయ్యమంటావా మాస్టారూ? బంగారం లాంటి అక్రోటు కర్రయ్యా."

"పిల్లను సాగదియ్యమంటావా మరి?"

పేరాచారి నవ్వి రంపం తీశాడు. ముందు నొప్పి తెలిసింది, తర్వాత తేలికైంది. మళ్ళీ మోచేతి మడతలో పెట్టి చూశారు. ఈసారి సుగుణ వేలు వచ్చి ట్రిగ్గర్ మీద వాలింది. అంత తేలికైన వేలు నా మీద అంతకు ముందు ఎవరూ పెట్టలేదు.

అక్కణ్ణించి అదొక ఆనవాయితీ అయింది. ఆయుధపూజ నాడు వడ్రంగులు పనిముట్టు ముట్టరు కదా, అందుకని ముందురోజే పేరాచారి వచ్చేవాడు. పిల్ల మోచెయ్యి కొలిచి, పెరిగినంత మేరకి ఒక చెక్క చేసి నా మడమకి మరలతో బిగించేవాడు. మర్నాడు ఆ కొత్త చెక్కకి పసుపు రాసి కుంకం పెట్టేవాళ్ళు. పదకొండో ఏట వేపచెక్క. పన్నెండో ఏట కొలిస్తే ఏమీ పెరగలేదు.

"సద్ది తినకుండా బడికి పరిగెత్తితే ఎట్ట పెరుగుతావే?" అంది వాళ్ళమ్మ మాలకొండమ్మ. సుగుణ ఆ పూటంతా అలిగి పందిరి కింద కూర్చుంది. పదమూడుకి టేకు. పద్నాలుగుకి తుమ్మ. ఏ ఏడు పేరాచారి కొట్టంలో ఏ చెక్క మిగిలితే అది. మూడు రంగుల మడమతో క్లబ్బులో నేను నవ్వులపాలే. "ఏంది మాస్టారూ, దీనికి గాయాలా?" అనేవాళ్ళు. అయితే సుగుణ నన్ను ఎత్తి పట్టాక ఎవరూ నవ్వేవాళ్ళు కారు. ఆ పిల్ల ఊపిరి వదిలి, గుండె చప్పుడుకీ చప్పుడుకీ మధ్య సందు చూసి నొక్కేది. పద్నాలుగో ఏట జిల్లా పోటీలో గెలిచింది. కప్పు ఇస్తే దాన్ని వదిలేసి నన్ను ఎత్తుకుని ఫోటో దిగింది.

ఆ తర్వాతి దసరాకి పది రోజుల ముందు పిల్లకి జ్వరం వచ్చింది. మెదడువాపు అన్నారు. మూడోనాడు పొద్దున ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. నేను బీరువాలో ఉన్నాను. నాకు తెలిసిందల్లా మాలకొండమ్మ గొంతు. అంచు మీద దెబ్బ అన్నానే, ఆమెకి అది నడిమధ్యనే దిగింది.

తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళు. మాస్టారు రిటైరయ్యాడు. చేతులు వణికినా జర్మనీదాన్ని పట్టుకుని క్లబ్బుకి పోతూనే ఉన్నాడు, బళ్ళో పిల్లలకి నేర్పడానికి. నన్ను పేల్చలేదు. అమావాస్య అమావాస్యకి తీసి, గొట్టంలో నూనెగుడ్డ దూర్చి లాగి, మడమను మాత్రం ఉత్త చేత్తో తుడిచేవాడు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా మా ముగ్గుర్నీ స్టేషన్లో అప్పజెప్పి రావాలి. మనుషులు ఓట్లేసుకుంటుంటే తుపాకుల్ని ఎందుకు లోపలేస్తారో నాకెప్పుడూ అర్థం కాలేదు, మేమెవరమూ నిలబడలేదే.

అప్పుడు వచ్చింది కొత్త చట్టం. మనిషికి ఇక రెండే. మూడోది ఉంటే ఇచ్చెయ్యాలి.

మాస్టారు మా ముగ్గుర్నీ వసారాలో నులకమంచం మీద వరసగా పడుకోబెట్టి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. పొద్దున కూర్చున్న మనిషి ఎండ మంచం మీదికొచ్చినా లేవలేదు.

"సంబంధాలు చూస్తాండావా ఏంది?" అంది మాలకొండమ్మ, చేటలో కందులు ఏరుతూ.

"జర్మనీది పిల్లలకి కావాల. దాన్నియ్యలేను."

"మీ మేనమామదిచ్చెయ్. ఆయప్ప దాంతో కాకినన్నా బెదిరించినాడా?"

"ఇంటాడే పైన."

"ఇంటే ఇననీ. వచ్చి అడిగితే నేను చెప్తాలే."

నన్నియ్యమని ఆమె అనలేదు. నావైపు చూడనుకూడా లేదు. మాస్టారు నవ్వి లేచాడు. నిర్ణయం అయిపోయింది. చెక్‌ది పోతుంది, నేనుంటాను. ఆ నున్నటి ఒళ్ళుది మంచం మీద నా పక్కనే పడుకుని ఉంటే, నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఉంచుకునేవాటికి తనిఖీ చేయించి లైసెన్సు పుస్తకంలో ఎక్కించుకోవాలి. స్టేషన్లో తుపాకుల గది చూసే హెడ్ కానిస్టేబుల్ మస్తాన్‌వలి ఒకప్పుడు మాస్టారు దగ్గర డ్రిల్లు చేసినవాడే. తను లేచి నిలబడి మాస్టారును కూర్చోబెట్టాడు. జర్మనీదాన్ని కొలిచాడు, సరిపోయింది. నన్ను కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"సార్, కాయితంలో నలభై మూడుంది. ఇది నలభై రెండుకి పావు తక్కువ. అంగుళంపావు తేడా వస్తాంది."

మాస్టారు వంగి టేపు మీది అంకె చూశాడు.

"ఈ చెక్కలేంది సార్?"

"మా అమ్మాయి కోసరం కోయించా. పెరిగేకొద్దీ అతికించా."

మస్తాన్‌వలి తలవంచుకున్నాడు. ఆ ఊరివాడే, అతనికి తెలియందేముంది. టేపు చుట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "పైనించి వచ్చి కొలుస్తారు సార్. తేడా ఉంటే నేనెక్కించలేను. ఒక పని చేయండి. ఇంకొక్క చెక్క కొట్టించుకోని సోమారం తెండి, అంతే. కొలత సరిపోతే నేను సంతకం పెట్టేస్తా."

"ఇచ్చేసేదానికి కొలత చూస్తారా?"

"ఇచ్చేసేదానికెందుకు సార్. అది కోతకి పోయేదే."

ఎంత చిన్న పని చూడండి. ఒక్క చెక్క. మాస్టారు ఇంటికొచ్చి, బీరువా మీద ఎక్కడో వెనకనుంచి పాత పేపరు చుట్టిన పొట్లం ఒకటి దించాడు. పేపరు పచ్చబడి ముట్టుకుంటేనే చిరిగిపోతోంది. లోపల నల్లటి ఇరుగుడు చెక్క. రెండు బెజ్జాలు, వాటిలో పొడవాటి మరలు తయారుగా ఉన్నాయి. నున్నగా, కొత్తగా, నా మడమ ఆకారంలోనే ఉంది. నేను దాన్ని అంతకు ముందెప్పుడూ చూడలేదు. మాలకొండమ్మ కూడా చూడలేదు.

"ఇదెప్పుడు చేయించినావు?"

"ఆ దసరాకే. ముందే చేసి పెట్టమన్నా. పొడుగైందని మురిసిపోతాదని. పేరాచారి తెచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. నా చేతిలో పెట్టి పోయినాడు."

ఆమె చెక్కను తిప్పి చూసింది. పేరాచారికి ఒక అలవాటుంది, లోపలివైపు పెన్సిలుతో రాసుకుంటాడు. సుగుణ, పదిహేను అని ఉంది. మాలకొండమ్మ ఆ అంకె మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఇరవై ఒక్క ఏళ్ళు ఆమెకి చెప్పకుండా ఆ మనిషి దాన్ని ఎట్లా మోశాడో అని నేననుకున్నాను. ఆమె మాత్రం ఆ మాట అడగలేదు.

మాస్టారు నన్ను ఒళ్ళో పెట్టుకుని చెక్కను మడమకి ఆనించాడు. ఎంత బాగా కుదిరిందో. బిగిస్తే నలభై మూడు. బిగిస్తే ఆ ఇంట్లోనే ఉంటాను. స్క్రూడ్రైవరు మర మీద పెట్టాడు. తిప్పలేదు.

"బిగించు," అంది ఆమె.

"ఇది పదిహేనేళ్ళ పిల్ల కొలత మాలకొండా."

"తెలుసు."

"మన పిల్లకి పద్నాలుగే."

కందిచేట పక్కనే కోడి వచ్చి ఏరుకుంటుంటే కూడా ఎవరూ అదిలించలేదు. నాకు నోరుంటే బిగించండి అని అరిచేదాన్ని. నా ప్రాణం నాకు తీపి. కానీ ఆయన స్క్రూడ్రైవరు మర మీంచి తీసి పక్కన పెట్టేశాడు.

మాలకొండమ్మే అంది. "అయితే ఆ మూడూ తీసెయ్."

"ఏంది?"

"చెక్కలు తీసియ్యి నాకు. కాయితాలు ఇనుముకి గదా, చెక్కల్ని ఎవురడుగుతారు? గొట్టం పోతే పోనీ."

ఆయన మరలు ఒక్కొక్కటే తిప్పాడు. తుప్పుపట్టి ఏడుస్తూ వచ్చాయి. ముందు తుమ్మ, తర్వాత టేకు, తర్వాత వేప. చెక్కకీ చెక్కకీ మధ్య సందులో ఆ పాత దసరాల పసుపు ఇంకా ఉంది. పొడిలా రాలి ఆమె చీర మీద పడింది. ఆమె దులుపుకోలేదు. మూడు చెక్కల్నీ వరసగా ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. పదకొండు, పదమూడు, పద్నాలుగు. నాలుగోదాన్ని చివర పెట్టి, కొంచెం ఎడంగా జరిపింది. తర్వాత నాలుగింటినీ కొంగులో పోసుకుని లోపలికి పోయింది.

సోమవారం మాస్టారు జర్మనీదాన్నీ మేనమామదాన్నీ పుస్తకంలో ఎక్కించుకుని, నన్ను బల్ల మీద పెట్టాడు. మస్తాన్‌వలి నా మడమ చూశాడు, మాస్టారు మొహం చూశాడు. నా మెడకి ఒక చీటీ కట్టాడు. మాస్టారు పోతూ పోతూ అలవాటుగా మడమ మీద చెయ్యేసి తుడిచాడు. ఆ చేతికి చెక్కలు తగల్లేదు. రంపపు కోత తగిలింది. గబుక్కున చెయ్యి తీసుకున్నాడు.

ఇప్పుడు నేను ఈ గదిలో మూలన ఉన్నాను. చుట్టూ నాలాంటివే, ఎవరికీ ఇష్టం లేక వచ్చినవి కావు, లెక్కకి మించి వచ్చినవి. ఒక నాటు తుపాకి, పక్షవాతం వచ్చినదానిలా గోడకి జారబడిన ఒక జంట గొట్టాలది. ఎప్పుడో లారీ వస్తుందట, మమ్మల్ని కోసి కరిగిస్తారట. చెక్‌దాని మీద నాకిప్పుడు కోపం లేదు. అమావాస్యకి దాన్ని తుడుస్తారు, పాపం, దాని మడమలో తడుముకోడానికి ఏమీ ఉండదు.

పేరాచారి కోసిన కొలతకే తిరిగొచ్చాను నేను. ఎవరైనా పదేళ్ళ పిల్ల వచ్చి మోచేతి మడతలో నన్ను పెట్టుకుంటే, వేలు సరిగ్గా వచ్చి ట్రిగ్గర్ మీద వాలుతుంది. తలుపు చప్పుడైనప్పుడల్లా చూస్తాను. బూట్లు వస్తాయి, పోతాయి. పదేళ్ళ పిల్లలు ఇక్కడికి రారు.