రెండవ పొయ్యి

హేమంతకాలము. ఉత్తరసముద్రతీరమందలి యొకానొక సంక్షేమరాజ్యపు రేవుపట్టణమున మధ్యాహ్నము మూడుగంటలు కాకమునుపే నిస్తేజస్కుడైన భానుడు ఓడకొయ్యల వెనుకకు జాఱిపోవుచుండగా హిమధూసరములైన వీథులయందు దీపములు వెలుగజొచ్చెను. వృద్ధులను కన్నతల్లివలె పోషించునని దిగంతవిశ్రుతకీర్తి గాంచిన యా రాజ్యమున మూడవ యంతస్తునందలి యొక యిఱుకింట నిద్దఱు తెలుగు ముదుసళ్లు పొయ్యి విషయమై వాదులాడుచుండిరి.

వారిలో పెద్దది పాలకొల్లు సువార్తమ్మ. ఆసుపత్రి దుప్పట్లుదికి యుదికి వ్రేళ్లు వంకరపోయినను మనసు వంగని మానిని. రెండవది కాకినాడ నూకరత్నము. ఓడలో వంటవాడైన పెనిమిటి వెంట నడివయసున వచ్చి వితంతువై రేవుకొట్టములలో చేపలు కోసి బ్రతికినది. ఆ రాజ్యమున పుట్టి పెరిగినవారికి నిండు పింఛను. నడుమ వచ్చినవారికి వచ్చిననాటినుండియే లెక్క. దుప్పట్లుదుకునపుడు నీవే దేశపుదానవని యడిగినవారు లేరు గాని ముసలితనమున మాత్ర మడిగిరి. కావున నీ యిద్దఱును తమ సగము పింఛనులను జతచేసి యొక యింట నొక గిన్నెలో వండుకొని మానముతో బ్రతుకుచుండిరి. ఒంటరివారికి మాత్రమే చెల్లు నుపకారవేతనము కొంత దానికి తోడుగా నుండెను. ఒకే పొయ్యిపై వండుకొని తినువారు ఒంటరివారు కారనియు విచారించి యా వేతనమును మాన్పింతుమనియు పింఛనుల కార్యాలయమునుండి వర్తమానము రాగా నొక యధికారిణి యా సాయంకాలమే రానుండెను. అది పోయెనా యింటియద్దె కట్టజాలక వీథిని పడవలసినదే.

"అక్కా, నాకు వేరే పొయ్యి పెట్టేశాను. ఉప్పు డబ్బా వేరు, కారం డబ్బా వేరు. అడిగితే ఎవరి కూడు వాళ్లదే అనేద్దాం" అని నూకరత్నము కిటికీకడ నొక కరెంటుపొయ్యి నమర్చెను.

"అన్నదమ్ములు కొట్టుకుని వేరుపడితే పెడతారే రెండో పొయ్యి. మనమేం కొట్టుకున్నామని?"

"అద్దె కట్టాలి గదక్కా. ఆవిడ ముందు నువ్వు నోరు మెదపకు."

సువార్తమ్మకు కోపము వచ్చెను. ఐనను నూకరత్నమునకు నిలువనీడ లేకుండ పోవునను భయమున నా డబ్బాలను తానే కిటికీకడకు జరిపెను.

అధికారిణి వచ్చెను. వయసున చిన్నది, మంచిది, త్వరగా ముగించి యింటికి బోవలయునను తలంపున నున్నది. రెండు పొయ్యిలను రెండేసి డబ్బాలను జూచి తలయూపి కడపటి ప్రశ్న నడిగెను.

"మీలో నొకరు జబ్బుపడినచో రెండవవారు వండిపెట్టుదురా? లేదనిన చాలును. మీ వేతనమునకు లోటుండదు."

ఆ యొక్కమాటకై యింత యేర్పాటు గావించిన నూకరత్నము లేదనబోయి సువార్తమ్మవంక చూచెను. మొన్నటి జ్వరమున సువార్తమ్మ తలను ఒడిలో నుంచుకొని గంజి త్రాపినది తానే. బొంకుటకు డబ్బాలు కుదిరినవి గాని గంజి కుదురలేదు.

"పెడతాను. నేను పెట్టకపోతే ఎవరు పెడతారమ్మా ఈవిడకి? ఆ పొయ్యి నిన్న కొన్నాను, నీకు చూపించడానికి. అబద్ధం ఆడదామనే అనుకున్నాను. ఇది మాత్రం నా నోట రాదు. ఒకటే పొయ్యి, రాసుకో."

సువార్తమ్మ గోడ పట్టుకొని లేచి నిలుచుండెను. "మీ దేశం మాకు చెరో సగం ఇచ్చింది. ఆ రెండు సగాలూ కలిపి కడుపు నింపుకున్నాం. కలిపి తిన్నామని ఆ సగంలోనూ కోస్తారా? అదీ రాసుకో. కింద ఇద్దరం సంతకం పెడతాం."

పైమాసమున వేతనము రాలేదు. ఆ వృద్ధాంగనలు విలపింపనులేదు, ఎవరిని వేడుకొననులేదు. మధ్యాహ్నవేళ పింఛనుల కార్యాలయమునకు బోయి జనులు వేచియుండు విశాలమండపమున నడిమిబల్లపై కూర్చుండి యన్నపుగిన్నె మూత దీసిరి. చేపలపులుసు వాసన లోపలిగదులకు బోగా నధికారిణి వడివడిగా వచ్చి యిచ్చట భుజింపరాదని పలికెను.

"మా వంటిల్లు చూడ్డానికి మూడంతస్తులెక్కి వచ్చావు. మళ్లీ నీకు శ్రమెందుకని మేమే తెచ్చాం" అని సువార్తమ్మ నింపాదిగా బదులుపలికెను. "రోజూ తెస్తాం. మా డబ్బు మాకిచ్చేదాకా తెస్తాం."

తమవంతుకై కనిపెట్టుకొనియున్న పరదేశపు ముదుసళ్లు ఒక్కరొక్కరుగా లేచివచ్చి వారి ప్రక్కన కూర్చుండసాగిరి. తలపాగా చుట్టిన యొక వృద్ధుడు సంచినుండి రొట్టె దీసి త్రుంచి వారి గిన్నెదరి నుంచెను. వీరిని వెడలగొట్టుటకై వచ్చిన కావలివాడు ఎవరిని ముందు లేపవలయునో తెలియక యట్లే నిలిచిపోగా సువార్తమ్మ యతనివంక నొకసారి చూచి మరల ముద్ద కలుపుకొనెను.