పదకొండుసార్లు ఎక్కిన కొండ

"నీ మూటలమ్మని ఇవాళ తొమ్మిదిసార్లు లోయలోకి తోశానోయ్," అన్నారు మా ఆయన, ఇస్త్రీ చెయ్యమని చొక్కా నా భుజం మీద పడేస్తూ. "ప్రతిసారీ మూటలు ఏరుకుని మళ్ళీ ఎక్కొచ్చేస్తుంది. సిగ్గులేదు దానికి."

చొక్కా పరిచి కాలరు దగ్గర మొదలుపెట్టాను. మూటలమ్మ నేను రాసిన మనిషి. మా ఆఫీసు తయారుచేసే వీడియో గేములో నలుగురు వీరులు మంచుకొండ ఎక్కుతారు. వాళ్ళకి దారి చూపించే ముసలామె మూటలమ్మ. నలుగురి సామానూ ఆవిడ వీపు మీదే. జారి పడుతుంది, పడ్డప్పుడల్లా ఒక మాట అంటుంది, ఆడేవాళ్ళు నవ్వుతారు. కొండ దారి ఆ గుంపులో ఆవిడకొక్కదానికే తెలుసన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

గొంతు కూడా నాదే. అది పొరపాటున జరిగింది. అసలు నటి దొరికేదాకా, రాసినవాళ్ళే తమ మాటలు ఫోన్లో చదివి పంపడం మా దగ్గర అలవాటు. బయటి చప్పుళ్ళు పడకుండా బట్టల బీరువాలో తలపెట్టి చదివేదాన్ని. ఒకరోజు నలభై ఆరు మాటలు చదివి, ఫోను ఆపడం మరిచిపోయాను. స్నానాల గదిలోంచి ఆయన "తువ్వాలేదీ" అన్నారు, హాల్లోంచి అత్తగారు "అమ్మాయ్, నా కళ్ళజోడు" అన్నారు. "వస్తున్నానండీ, ఉన్నవి రెండే చేతులు" అన్నాను నేను. అదే నలభై ఏడో ఫైలై ఆఫీసుకి వెళ్ళిపోయింది. వాళ్ళు నటిని వెతకడం మానేశారు. గేము మొదటి సగం విడుదలయ్యాక, జనం పనీపాటా లేకుండా మూటలమ్మని పిలిచే బటన్ నొక్కేది ఆ ఒక్క మాట వినడానికే. మా ఆయన కూడా రోజుకి యాభైసార్లు వింటారు. ఆ 'అండీ' ఎవరికి చెప్పిందో ఆయనకి ఇప్పటికీ తట్టలేదు.

రెండో సగంలో శిఖరం వస్తుంది. దానికోసం నేను ఒకే ఒక్క మాట రాసి పెట్టుకున్నాను. మూటలమ్మ చివరి మెట్టెక్కి, మూటలు దించి అంటుంది: "ఇక్కడికి పదకొండుసార్లు వచ్చాను. చుట్టూ చూడటం ఇదే మొదలు." అంతే. అది రాసిన రోజు ఆఫీసు బాత్రూంలో మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

మా టీము పెద్దని అందరూ కెప్టెన్ అంటారు. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు. కాగితం చదివి గడ్డం గోక్కున్నాడు.

"బాగుంది మేడమ్. కానీ బరువుగా ఉంది. మూటలమ్మ బరువు మొయ్యాలి గానీ మన మీద పెట్టకూడదు."

"ఒక్క మాటే కదా."

"చూద్దాం. ముందు నాకు ఆ నలభై ఏడులాంటివి ఇంకో అరవై కావాలి. స్టూడియోలో మీరు నటించేస్తున్నారు, కుదరట్లేదు. వారం రోజులు ఇంట్లో ఫోను ఆన్‌లో పెట్టి జేబులో వేసుకోండి. మీరు మామూలుగా ఉండండి చాలు."

"ఇస్తే, శిఖరం మీద ఈ మాట ఉంటుందా?"

"మూటలమ్మ గొంతు లేకుండా గేము ముగియదు. మాటిస్తున్నా."

ఆ మాట పట్టుకుని వారం రోజులు ఫోను జేబులో మోశాను. అన్నం వడ్డిస్తూ, పక్కలు దులుపుతూ, పాప జడ వేస్తూ, అత్తగారి కాళ్ళకి నూనె రాస్తూ. రెండో రోజుకే అది జేబులో ఉందన్న సంగతి మరిచిపోయాను. గుర్తుంచుకోవాలని అనుకున్నాను కూడా, ఇంట్లో వాళ్ళకి ఒక్కసారైనా గట్టిగా జవాబు చెప్పి అది ఫైల్లో పడేలా చూడాలని. పని ఊపిరి సలపనిస్తే కదా. సోమవారం సౌండ్ చూసే పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టి వినిపించాడు. మిగతా వాళ్ళ గొంతులన్నీ కోసేశాడు. ప్రశ్నలు పోయి జవాబులు మిగిలాయి. ఆ... వస్తున్నా. పైఅరలో ఉంది. లేదండీ, మరిచిపోలేదు. నాదే తప్పు. ఇదిగో. వెనక కూర్చున్న కుర్రాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. హెడ్‌ఫోన్ తీసి తుడుస్తూ, "ఒకటడగనా అమ్మా," అన్నాడు. "వారం మొత్తంలో మీరు ఎవర్నీ పిలిచినట్టు లేదేంటి?"

ఆ మాటలు వాడుకోవచ్చని కాగితం మీద సంతకం చేసి ఇచ్చేశాను.

రెండో సగం విడుదలయిన ఆదివారం మధ్యాహ్నం, అంట్లు తోముతూ మధ్యలో లేచి, తడి చేతులతో హాలు గుమ్మంలో నిలబడ్డాను. ఆయన ఆడుతున్నారు. పాప, అత్తగారు చూస్తున్నారు. నలుగురు వీరులూ శిఖరం ఎక్కారు. ఎండ పడింది, సంగీతం లేచింది. తెర మీద బొమ్మ మెల్లగా కొండ కిందికి దిగింది. ఎక్కడో అడుగున, మంచులో చిన్న చుక్కలా మూటలమ్మ. ముక్కుతూ మూలుగుతూ నా గొంతు పైకి వినిపించింది.

"వస్తున్నానండీ, ఉన్నవి రెండే చేతులు."

గేము అయిపోయింది. కెప్టెన్ మాట తప్పలేదు. మూటలమ్మ గొంతుతోనే ముగించాడు.

మా ఆయనకి నవ్వి నవ్వి కళ్ళనీళ్ళొచ్చాయి. అత్తగారు మాత్రం పెదవి విరిచారు. "పాపం, ముసల్దాన్ని కూడా పైకి రానిస్తే వీళ్ళదేం పోయేది? అమ్మాయ్, ఆ మందుబిళ్ళ ఇలా పట్రా."

బిళ్ళ, నీళ్ళు ఇచ్చాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళకుండా బాల్కనీలోకి వెళ్ళి, బట్టల బకెట్టు పక్కకి జరిపి, కుర్చీలో కూర్చున్నాను. ఈ ఇంటికొచ్చి పదకొండేళ్ళు. ఈ కుర్చీలో కూర్చుంటే ఎదురింటి మేడ మీద పావురాల గూడు కనిపిస్తుందని నాకు తెలియదు. ఇవాళ ఎవరు పిలిచినా పలకకూడదనుకున్నాను. ఒక్కసారికి. పలక్కపోతే ఏమవుతుందో చూద్దామని.

లోపల ఆయన సోఫాలో వాలిన చప్పుడు. ఆట పాప చేతిలోకి వచ్చినట్టుంది, మళ్ళీ మొదటినుంచి సంగీతం.

"ఏమోయ్, కాస్త కాఫీ," అన్నారాయన.

పెదాలు బిగబట్టాను. ఒకటి, రెండు, మూడు.

"వస్తున్నానండీ," అంది హాల్లోంచి నా గొంతు. "ఉన్నవి రెండే చేతులు."

"ఆ, చక్కెర తక్కువెయ్," అన్నారాయన.

నేను కుర్చీలోంచి లేవలేదు. లోపల పాప మళ్ళీ బటన్ నొక్కింది.