పచ్చగుడ్డ అవతల ప్రశ్నలు

"కాదు అశ్వినీ, ఊరి నుంచి బస్సెక్కింది యిడిసిపెట్టు. మీ చిన్నతాత ఆదెన్నను ఆపరేషన్ బల్ల మీద పండబెట్టినారే, ఆడి నుంచి రాయి. మీ జయరాముడు మామ బయపడేది ఆ బల్లకే గదమ్మా," అంది అవ్వ, కాగితం ముందు కూచున్న మనవరాలితో.

ఆదెన్నకు నడుము కింద ఏమీ తెలియడం లేదు. వెన్నులో సూది వేశాక, ఎవరివో కాళ్లు తెచ్చి తనకు అతికించినట్టుంది. శనక్కాయ మూటలు మోసీ మోసీ గజ్జలో పేగు జారింది. హెర్నియా అన్నారు. ఇవాళ దాన్ని లోపలికి నెట్టి కుట్టాలి. ఛాతీ దగ్గర పచ్చగుడ్డ అడ్డం కట్టారు. అవతల జరిగేది కనపడదు. వినపడుతుంది. అక్కడే వచ్చింది చిక్కు.

చేసేది హరిత, ఇంకా సర్జన్ చదువు చదువుతున్న డాక్టరమ్మ. పక్కన నిలబడి చేయించేది పెద్ద సర్జన్ వేణుగోపాల్. ఆ సంగతి పొద్దున్నే వార్డుకు వచ్చి ఇద్దరూ చెప్పారు. పెద్దాయన ఉన్నాడు కదా అని ఆదెన్న ఒప్పుకున్నాడు.

"హరితా, ఇదేంది?" అన్నాడు పెద్దాయన అవతల.

"నరం సార్."

"నరమని ఎట్ల చెప్తావు?"

ఆమె ఏదో గొణిగింది.

"సరే. తర్వాత ఏం చెయ్యల్ల?"

హరిత చేతిలోది పళ్లెంలో పెట్టిన చప్పుడు.

ఆదెన్న మెడ ఎత్తి గుడ్డ వైపు చూశాడు. కోసి, తెరిచిపెట్టి, ఇదేమిటని అడుగుతున్నాడే! బోరు మోటారు విప్పిన మెకానిక్కు ఇట్లా పక్కవాణ్ణి అడిగాడంటే ఆ రోజు చేనికి నీళ్లు రావు. తల దగ్గర గుండె లెక్కపెట్టే మిషను కూత వేగం పెంచింది.

"ఏమప్పా సారూ! తెలీకుంటే కుట్టేయండప్పా. నేను బళ్ళారి పెద్దాసుపత్రికి పోతా."

నర్సు లక్ష్మీనరసమ్మ కిసుక్కున నవ్వింది. "ఇట్లే పోతే బస్సోడు ఎక్కించుకోడు పెద్దాయనా."

ఆదెన్న నవ్వలేదు. గుడ్డ పక్కనుంచి వేణుగోపాల్ మొహం కనపడింది.

"ఆదెన్నా, నాకు తెల్సప్పా. ఆయమ్మకు తెల్సో లేదో చూస్తాండా. ముందైతే అరుస్తాంటి. చేతిలోది గుంజుకొని నేనే చేసేస్తాంటి. పని అయ్యేది, పిల్లోళ్లకు ఏమీ వచ్చేది కాదు. మొన్న మా సర్జన్లందరినీ బెంచీల మీద కూచోబెట్టి, ఎట్ల నేర్పల్లో నేర్పినారు. అరవొద్దు, అడగండి అన్నారు. అడిగితే నీకు వినపడ్తాదని మాత్రం ఎవురూ చెప్పలే."

"సార్లకే బడా?"

"బడే. నా పాఠం బాలేదని మొగం మీదే చెప్పినారు."

ఆ మాటతో ఆదెన్నకు ఉన్న భయం ఇంకాస్త పెరిగింది.

"ఈ చదువు అయితానే హరితమ్మను తనకల్లు పక్క చిన్న ఆసుపత్రికి ఏస్తారు," అన్నాడు వేణుగోపాల్. "ఆడ నేనుండను. అయినా ఒళ్లు నీది. వద్దంటే ఇప్పుడే నేను చేస్తా. ఎవురికీ కోపం లేదు."

నువ్వే చెయ్యి సారూ అనే మాట ఆదెన్న నోటిదాకా వచ్చింది. అంతలో గుడ్డ మీదుగా ముసుగు పైన రెండు కళ్లు కనపడ్డాయి. తనకన్నా ఎక్కువ భయపడుతున్న కళ్లు.

"యమ్మా, నీకు తెల్సా?"

"తెల్సు తాతా. సార్ అడుగుతానే గొంతు పట్టేస్తాది."

"అట్లయితే ఆయనకు చెప్పాకు. నాకు చెప్పు. ముందు చెప్పి, తర్వాత చెయ్యి."

"అట్లే కానీ," అని వేణుగోపాల్ వెనక్కి జరిగాడు.

"సార్, చేతులు ముందుకు వస్తాండాయి," అంది లక్ష్మీనరసమ్మ.

"అలవాటు," అని ఆయన చేతులు కట్టుకున్నాడు.

"తాతా, తెల్లగా దారం మాదిరి ఉండాదే, ఇది నరం. తెగితే ఆ చోటంతా మొద్దుబారతాది. పక్కకు పెడ్తాండా."

"పెట్టు."

"పేగు లోపలికి పోయింది. ఇంగ చిరుగు మీద వలగుడ్డ వేసి కుడ్తా."

"గోతానికి మాసిక వేసినట్లా?"

"అట్లే. చిరుగుకన్నా మాసిక పెద్దది ఉండల్ల."

"ఉండల్ల, ఉండల్ల."

ఉన్నట్టుండి ఆమె గొంతు ఆగిపోయింది. ఆదెన్న బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. పెద్దాయన ఇప్పుడు అరుస్తాడేమో, గుంజుకుంటాడేమో. అలా చేస్తే బాగుండునని కూడా అనిపించింది.

"తాతా, ఈడ కింద పెద్ద రక్తనాళం ఉండాది," అంది హరిత మెల్లగా. "సూది లోతుకు పోగూడదు. అందుకని నిదానంగా పోతాండా."

"నిదానంగానే పో తల్లీ. నాకేం తొందర లేదు."

వేణుగోపాల్ కట్టుకున్న చేతులు విప్పలేదు. చివరి కుట్టు పడిందని హరిత చెప్పేదాకా ఆదెన్న బల్ల అంచు వదల్లేదు.

మరునాడు వార్డులో, ఆపరేషన్ కావాల్సిన పక్క మంచం అతనికి వేణుగోపాల్ చెబుతుంటే ఆదెన్న విన్నాడు. "లోపల నేను ప్రశ్నలు అడుగుతాంటా. తెలీక కాదప్పా. నేర్పేదానికి. నువ్వు గాబరా పడాకు."

"రాసినావా పాపా? ఇంగ చాలు. జయరాముడు ఇంగా గజ్జకు తువ్వాల బిగించుకొని చేన్లో తిరుగుతాండాడంట, నేర్చుకునేవాళ్లు కోస్తారని బయపడి. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఇది వానికి చదివి వినిపించు. మీ చిన్నతాత బయపడింది యిడిసిపెట్టాకు. అదీ చదువు."