కాలరు మీద పదిహేడు

గౌను గోడ దిగిన రోజునే గొడవ మొదలైంది.

ముప్పై మూడేళ్ళు అది హాల్లో గోడ మీదే ఉంది. నీలం గౌను. మూడేళ్ళ పిల్లది. పొడుగు చేతులు, కాలరు లోపలివైపు ఎర్రదారంతో కుట్టిన పదిహేడు అంకె. ఆ అంకె కనపడేలా కాలరు మడత తెరిచి, అద్దం బిగించి ఫ్రేము కట్టించింది అమ్మ. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని ఎదుట నిలబెట్టేది. "ఇదిగో, ఈ ఒక్క గౌనుతో దిగింది విమానం. ఇంకో జత కూడా లేదు" అనేది. వచ్చినవాళ్ళు గౌను వంకా, పక్కన నిలబడ్డ కూతురి వంకా మార్చి మార్చి చూసేవాళ్ళు. అప్పుడు ఆమె నవ్వాలి. నవ్వేది.

నాన్నది ఇంకో వరస. పరాయి దేశం నుంచి తెచ్చుకున్న పిల్ల కాబట్టి ముద్దుగా పార్సిల్ అని పేరు పెట్టాడు. మా పార్సిల్ తిన్నదా, మా పార్సిల్ బడికెళ్ళిందా అని. ఆమె ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే, "చూసుకోకుండా సంతకం పెట్టాం, ఎడమచెయ్యి వచ్చింది. ఇక వాపసు తీసుకోరు" అని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళని నవ్వించేవాడు. చెడ్డవాడు కాదు. పోయేదాకా ఆ ఒక్క మాటే అంటూ పోయాడు, అంతే.

అన్నిటికన్నా మచ్చ కథ పెద్దది. ఆమెతోపాటు వచ్చిన కాగితాల్లో, కుడి ముంజేతి మీద కాలిన మచ్చ ఉన్నట్టు రాసి ఉంది. అది చదివి, పిల్ల రాకముందే అమ్మ మందు డబ్బా కొని పెట్టింది. పిల్ల వచ్చింది. మచ్చ లేదు. అయినా అమ్మ ఊరుకోలేదు, పైకి కనపడకపోతే లోపల ఉంటుందని ఆరునెలలు పొద్దునా సాయంత్రం రాసింది. నాలుగేళ్ళు గడిచేసరికి కథ దానంతటదే మారింది. మచ్చ ఉండేది, అమ్మ హస్తవాసికి మానిపోయింది. "ప్రేమ ఉండాలే గానీ ఏ మచ్చయినా పోతుంది" అని అమ్మ చుట్టాలకు చెబుతుంటే, పక్కన నిలబడి నున్నటి చెయ్యి చాచి చూపించడం ఆమె పని.

పెద్దయ్యాక ఆమె దర్జీ అయింది. కొత్తవి కుట్టదు. పాతవి విప్పి సరిచేస్తుంది. ఒళ్ళు తగ్గినవాళ్ళ కోట్లు, పెరిగినవాళ్ళ లాగులు, అక్క గౌను చెల్లెలికి. ఎవరి కుట్టు ఎవరు విప్పారో, ఎన్నిసార్లు విప్పారో గుడ్డ పట్టుకుంటే చెప్పేస్తుంది.

నాన్న పోయాక అమ్మ చిన్న ఇంటికి మారింది. సామాను దించేటప్పుడు ఫ్రేము జారి అద్దం పగిలింది. "కొత్త అద్దం వేయించి పట్టుకురా" అంది అమ్మ. ఆమె గౌనును తన కొట్టుకు తెచ్చుకుని దీపం కింద పరిచింది. తన గౌనును తను ముట్టుకోవడం అదే మొదటిసారి.

పదిహేడు కింద సూది రంధ్రాలు ఉన్నాయి. ఖాళీవి. ఎవరో ఒక అంకె విప్పి, దాని మీదే ఇంకో అంకె కుట్టారు. రంధ్రాల వెంట గోరు పెట్టి చూసింది. మూడు. పక్కన ఒకటి. ముప్పై ఒకటి. విప్పినదీ కుట్టినదీ ఒకే మనిషి. ఎడమచేతి మనిషి. కుడిచేతివాళ్ళ కుట్టు ఒక పక్కకు వాలితే ఎడమచేతివాళ్ళది రెండో పక్కకు వాలుతుంది, తన కుట్టులాగే.

ఫైలు తీసి కాగితాలు మళ్ళీ చదివింది. కాగితాల్లో పదిహేడుకు ఒక తల్లి ఉంది. ఇటుకబట్టీలో పనిచేస్తూ జ్వరంతో పోయింది. పోయిన తేదీ కూడా ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా ఆ తేదీకి ఆమె కొవ్వొత్తి వెలిగించి, ముఖం తెలియని ఆ తల్లి కోసం ఏడ్చేది.

మర్నాడు అమ్మను అడిగింది. "అమ్మా, నిజం చెప్పు. నేను వచ్చిన రోజు చేతి మీద మచ్చ ఉందా?"

"ఉండకుండా ఎలా ఉంటుందే? కాగితంలో రాసుందిగా!" అంది అమ్మ.

కాగితం దగ్గరే ఆగిపోయింది ఆ ఇల్లు. ఆమె ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. అనాథాశ్రమం మూతపడి పాతికేళ్ళయిందనీ, పాతవాళ్ళలో ఒక్క ఆయా మాత్రమే మిగిలిందనీ, ఫలానా వీధిలో లాండ్రీ కొట్టు వెనక ఉంటుందనీ చివరికి ఒక జవాబు వచ్చింది. ఆ దేశపు భాష ఒక ముసలాయన దగ్గర రెండేళ్ళు నేర్చుకుని, గౌనూ కాగితాల ఫైలూ సంచిలో పెట్టుకుని బయలుదేరింది. వెళ్ళేది ఒక్క మాట కోసం. నువ్వు నా బిడ్డవి అని ఎవరన్నా అనాలి. కాగితం చూడకుండా అనాలి.

లాండ్రీ కొట్టు రెండు గుమ్మాల గది. ముందు ఇస్త్రీ బల్ల, తాడు మీద హ్యాంగర్లు, మూటలు కట్టిన దుప్పట్లు. గుమ్మంలో స్టూలు మీద ఒక ముసలావిడ కూర్చుని, చొక్కా కాలర్లకు ఎర్రదారంతో గుర్తులు కుడుతోంది. ఎడమచేత్తో.

"ఏం బట్టలు?" అంది ఇస్త్రీ చేస్తున్నావిడ తలెత్తకుండానే. ఆవిడదీ ఇంచుమించు తన వయసే.

"బట్టలు కాదండి. నేను ఆయమ్మ గారిని దర్శించుటకు విచ్చేశాను."

లాండ్రీ ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి పగలబడి నవ్వింది. "విచ్చేశారా! అమ్మా, చూడు, పుస్తకంలోంచి ఎవరో లేచి నీ కోసం విచ్చేశారు!"

"నోర్ముయ్యవే" అని కసిరి, ముసలావిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఆశ్రమం పిల్లవా? ఏ నంబరు?"

"పదిహేడు."

సూది ఆగింది. మళ్ళీ నడిచింది. "అయితే బాగానే ఉన్నావన్నమాట" అంది.

"అక్కా, నేను ముప్పై ఒకటి!" లాండ్రీ ఆవిడ బల్ల దాటి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. "విమానమెక్కింది నువ్వేనా? ఆ రోజు గేటు దగ్గర మేమంతా ఒకటే ఏడుపట. నీ కోసం కాదులే, నీ చేతికిచ్చిన బిస్కెట్ పొట్లం కోసం. ఆశ్రమం ఎత్తేశాక అమ్మ నన్ను తనతో తెచ్చేసుకుంది. అమ్మంటే కన్నది కాదు, అయినా ఈవిడే నాకు దిక్కు. కూర్చో, నిలబడ్డావేం?"

ఆమె కూర్చోలేదు. మోచేతి దాకా మడిచిన ఆ చొక్కా చేతుల వంకే చూస్తోంది. కుడి ముంజేతి మీద, చేతి వెడల్పున, ముడతలు పడ్డ మచ్చ.

"దీన్నా చూస్తున్నావు? అందరూ ఇస్త్రీపెట్టె కాలిందనుకుంటారు" అంది లాండ్రీ ఆవిడ. "ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది. ఒక్క గుడ్డ కాల్చలేదు, నన్ను నేను కాల్చుకుంటానా? ఇది చిన్నప్పటిది. చెత్తకుండీ దగ్గర, నిప్పుల పక్కన దొరికానట. కదమ్మా?"

"ఊఁ" అంది ఆయమ్మ.

లాండ్రీ ఆవిడ ఒక మూట భుజానికెత్తుకుంది. "హోటల్లో ఇచ్చేసి, వస్తూ టీ తెస్తా. అక్కా, వెళ్ళిపోకు. అమ్మా, ఏం అడిగినా చెప్పు పాపం, ఎంత దూరం నుంచి విచ్చేసిందో!" నవ్వుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయింది.

ఆమె గౌను తీసి ఆయమ్మ ఒళ్ళో పెట్టింది. ఆయమ్మ అందుకోలేదు, వద్దనీ అనలేదు. ఎడమ బొటనవేలితో కాలరు తడిమింది.

"మంచి దారం. ఇంకా ఊడలేదు."

"కింద ముప్పై ఒకటి ఉంది. ఎవరు విప్పారు?"

"అంకెలు కుట్టేది నేను. ఇంకెవరు విప్పుతారు?"

"ఎందుకు?"

ఆయమ్మ సూదిని కొంగుకు గుచ్చుకుంది. ఎవరి సంగతో చెబుతున్నట్టు, వీధి వైపు చూస్తూ చెప్పింది.

"పిల్లలున్న ఆడదానికి అక్కడ పని ఇచ్చేవాళ్ళు కాదు. ఒకతి తన పిల్లని గేటు పక్క చెత్తకుండీ దగ్గర దొరికిందని చెప్పి లోపల చేర్పించి, వారం పోయాక తనూ పనిలో చేరింది. ఆ పిల్ల ముప్పై ఒకటి. దొరికిన పిల్ల తరఫున సంతకం పెట్టేదెవరు? సంతకం లేకపోతే దేశం దాటనివ్వరు. పదిహేడుకి మేనమామ సంతకం పెట్టాడు, పిలుపొచ్చింది. ఆ వారమే పేలు పడ్డాయని పిల్లలందరికీ గుండ్లు కొట్టించారు. గుండ్లు కొడితే అందరూ ఒకటే. అక్కడ మొహం చూసి పిలిచిందెవరు గనక? కాలరు చూసి పిలిచేవాళ్ళు. పొడుగు చేతుల గౌను తొడిగితే మచ్చ సంగతీ తెలీదు."

"ఆ ఒకతి ఇప్పుడెక్కడుంది?"

"పోయింది."

ఆమె తన ఎడమచెయ్యి చాచింది. వేళ్ళ కొసలన్నీ సూదిపోట్లే. "నాదీ ఇదే చెయ్యి."

"ఊళ్ళో చాలామందిది అదే చెయ్యి" అంది ఆయమ్మ, చూడకుండానే.

"ఇన్నేళ్ళూ వేరేవాళ్ళమ్మ కోసం ఏడ్చాను."

"ఎవరి కోసమైతేనేం. కడుపు నిండిందా లేదా?"

"నిండింది. తిన్న ప్రతి ముద్దకీ నవ్వి చూపించాను." ఆమెకు నేర్చుకున్న మాటలు అయిపోవస్తున్నాయి. "నాకేం వద్దు. ఒక్క మాట చెప్పండి. వెళ్ళిపోతాను."

"చెప్పను." ఆయమ్మ గొంతు ఇప్పుడు గట్టిపడింది. "నీకేం, సాయంత్రం బండెక్కుతావు. రేపొద్దున నా కాళ్ళు పట్టేది అది. మందు వేసేది అది. రెండు రోజులు దగ్గితే పని మానుకుని కూర్చునేది అది. దాని నోటికాడిది లాగి నీకు పెట్టానని తెలిస్తే..."

అక్కడ ఆగింది. ఆగినా మాట జారిపోయింది. ఆమె సముద్రం దాటి వచ్చింది ఆ మాట కోసమే. వచ్చింది గానీ తన మీద ప్రేమతో రాలేదు, ఇంకో కూతురు ఎక్కడ పోతుందోనన్న భయంతో వచ్చింది.

"దాన్ని పెంచింది అందుకేనా?" అని అడిగింది.

"మొదట భయంతో పెంచాను. తర్వాత అది నా పిల్ల అయిపోయింది." ఆయమ్మ గౌను మడిచి తిరిగి ఇచ్చేసింది. "నువ్వు బతికి బాగుపడ్డావు. దాన్ని నాకు వదిలెయ్ తల్లీ."

మూడు గ్లాసుల టీతో లాండ్రీ ఆవిడ వచ్చి, గ్లాసులు పెట్టి మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. "ఏం అక్కా, మీ అమ్మ సంగతి ఏమన్నా తెలిసిందా?"

ఆయమ్మ చూపు ఆమె మీదే ఉంది. ఆ చూపులో ఏం ఉందో గానీ బిడ్డను చూసే చూపు మాత్రం కాదు. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే చూసే చూపు. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. ఫైలులో రెండు భాషల్లోనూ ఇటుకబట్టీ తల్లి పేరు ఉంది, ఊరు ఉంది, మేనమామ సంతకం ఉంది, ఎనిమిదేళ్ళ అన్న ఒకడున్నాడని కూడా ఉంది. చెత్తకుండీ ఎక్కడా లేదు.

"తెలిసింది" అని ఫైలు బల్ల మీద పెట్టింది. "ఇది పదిహేడుది. పదిహేడు నేను కాదు. నువ్వే."

"దానికి చదువు రాదు" అంది ఆయమ్మ ఆత్రంగా లేచి.

"రాకపోవడమేంటమ్మా? నేర్పింది నువ్వేగా!" లాండ్రీ ఆవిడ నవ్వుతూనే ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలి, చేతులు తుడుచుకుని ఫైలు తెరిచింది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. "కుడి... ముంజేతి మీద... కాలిన..."

నవ్వు అలాగే ఉండిపోయింది. వేలు మాత్రం ఆగిపోయింది.

ఆమె టీ ముట్టుకోకుండా వీధిలోకి వచ్చేసింది. ఫైలు న్యాయమని ఇచ్చిందా, కక్షకొద్దీ ఇచ్చిందా అంటే ఆమెకే తెలియదు. నడుస్తూ రెండూ అనుకుని చూసింది. రెండూ నిజమే అనిపించాయి. పది అడుగులు వేసేసరికి వెనక నుంచి కాలుతున్న గుడ్డ వాసన వచ్చింది. బల్ల మీద చొక్కా ఏదో కాలుతోంది. తీసేవాళ్ళు లేరు. తనను వెనక్కి పిలిచినవాళ్ళూ లేరు.

బస్సు స్టాపులో ఉండగా అమ్మ ఫోను చేసింది.

"దొరికిందా?"

"దొరికింది."

"నిన్ను చూసి ఏడ్చిందా?"

"లేదు."

"చూశావా మరి, ఎవరు నీవాళ్ళో ఇప్పటికైనా తెలిసిందా? సరేగానీ, ఆ మచ్చ సంగతి చెప్పావా? నా మందుకే మానిందని?"

ఆమె సంచిలో గౌనును తడిమింది. దానికిక ఫ్రేము అక్కర్లేదు.

"అది మానలేదమ్మా" అంది. "ఇప్పుడే చూసొచ్చాను. అలాగే ఉంది."

 అవతల నుంచి అమ్మ, "అద్దం కొలత రాసుకున్నావా?" అని అడిగింది.