డోలు ఆగిన పడవ

ఇల్లు వదిలేటప్పుడు ఇద్రిస్ దగ్గర ఉన్నవి మూడే: సొంత తెడ్డు, భార్య కాల్చిచ్చిన సగ్గు రొట్టెలు, తెల్లవాళ్ళ వర్తక కంపెనీ ఇచ్చిన గొడ్డలి. లవంగాలు కొని అమ్మి బతికిన మనిషి ఇప్పుడు కంపెనీ హుకుం మీద కూలి లేకుండా తెడ్డు వేస్తున్నాడు. హితు రేవు నుంచి నలభై యుద్ధపడవలు కదిలాయి. కంపెనీ దీవిలో తప్ప ఎక్కడా లవంగం చెట్టు ఉండకూడదట. సరుకు తగ్గితేనే ఐరోపాలో ధర నిలుస్తుందట.

పక్క దీవి సేరం తీరాన మొదటి ఊళ్ళో చెట్లు నరికారు. బిడ్డ పుడితే చెట్టు నాటడం అక్కడి ఆనవాయితీ. ఒక ముసలామె చెట్టును వాటేసుకుని, "ఇది మా హలీమాది" అంది. పడవల వెంట వచ్చిన కంపెనీ దొర ఆమెను ఈడ్పించి, బూటుకంటిన బురదను ఆమె బట్టకే తుడుచుకున్నాడు. చెట్టు నరికింది మాత్రం ఇద్రిస్.

చేతులకు పట్టిన లవంగం వాసన కడిగినా వదల్లేదు. నిన్నటిదాకా అన్నం పెట్టిన వాసనే ఇప్పుడు రొట్టెను నోటిదాకా రానివ్వలేదు.

"రొట్టె దిగట్లేదా అన్నా?" మర్నాడు పడవలో పక్కనున్న వాకానో అడిగాడు.

"పడవ మనది, తెడ్డు మనది, రొట్టె మనది. ఇందులో వాళ్ళదేముందిరా?"

"గొడ్డలి."

"దానికోసం మనవాళ్ళ చేత మొహాన ఉమ్మించుకుంటున్నాం."

ముందు వరసవాడు వెనక్కి తిరిగాడు. "నీ చెల్లెలి ఊరొస్తోందని ఇప్పుడు నొప్పి పుట్టిందా? నిన్నేమైంది?"

"నిన్న నాకు సిగ్గు లేకపోయింది" అన్నాడు ఇద్రిస్.

"మానేస్తే కాల్చేస్తారు" అన్నాడు ముందువాడు.

"అందర్నీ కాలిస్తే తెడ్డెవడేస్తాడు, వాళ్ళ అమ్మమ్మా?"

నవ్వు వరస వరసకూ పాకింది. పడవలో డోలు కొట్టే తాత సోపామేనా మాత్రం నవ్వలేదు. ఆయన దెబ్బకే తెడ్లన్నీ కలిసి పడతాయి. వాళ్ళదే అన్నిటికన్నా ముందు పడవ; దాని డోలు వినే వెనక పడవలు నడుస్తాయి. చెల్లెలి ఊరు కనబడగానే ఆయన కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చేతులు నొప్పిరా నాయనా."

తెడ్లు ఆగాయి. వెనక ముప్పైతొమ్మిది పడవలూ ఆగాయి. పడవ కొసన కూర్చున్న దొర అరిచాడు, తిట్టాడు, కాల్చాడు. తాత డోలు మీదికి ఒరిగాడు.

ఆ ఒక్క పడవలోనే ఎనభై గొడ్డళ్ళు ఒక్కసారిగా లేచాయి. దొర మళ్ళీ తుపాకీ ఎత్తలేదు. అప్పుడు గొడ్డళ్ళు సముద్రంలో పడ్డాయి. డోలుకు బదులు వాకానో తెడ్డుతో పడవ అంచు మీద దెబ్బ వేశాడు. నలభై పడవలూ ఇంటివైపు తిరిగాయి.

ఇద్రిస్ దగ్గర రొట్టెలు అయిపోయాయి, గొడ్డలి పోయింది. తాతను మట్టిలో పెట్టారు. చెల్లెలి ఊళ్ళో చెట్లు నిలబడే ఉన్నాయి.

మరుసటి నెల కంపెనీ మనిషి మళ్ళీ వచ్చి, డోలు లేక పడవలు కదలవు, కొట్టడం ఎవరికి వచ్చని అడిగాడు.

ఊరంతా ఒకే మాట చెప్పింది: "ఎవరికీ రాదు."

మొత్తంమీద మిగిలిన లాభం అదే.